బటన్‌కి పేరు పెట్టండి, బాబూ!

కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళకి నా గురించి రెండు ముక్కలు. మాది విశాఖపట్నం, అక్కయ్యపాలెం. చిన్నప్పుడు నాకు రేచీకటి అన్నారు. వీధి దీపాలు వెలిగే వేళకి మా అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చేది. ఇంటర్ పూర్తయ్యేసరికి పగలు కూడా రాత్రితో కలిసిపోయింది. ఒక బ్యాంకులో టెలిఫోన్ ఆపరేటరుగా 29 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు రుషికొండ మీద, సిరిపురంలో చిన్న చిన్న కంపెనీలు పెట్టుకున్న కుర్రాళ్ళు తాము చేసిన యాప్‌లు తెచ్చి నా చేతిలో పెడుతుంటారు. అవి ఎక్కడెక్కడ నోరు మెదపడం లేదో చెప్పి చీవాట్లు పెడతాను. దానికి డబ్బులు కూడా ఇస్తారు. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి జవాబులివి.

ప్రశ్న: మేం ముగ్గురు స్నేహితులం. ఫిషింగ్ హార్బర్ నుంచి తాజా చేపలు, రొయ్యలు ఇళ్ళకి చేర్చే యాప్ నడుపుతున్నాం. పోయిన వారం ఒకాయన ఫోన్ చేసి, "నాకు చూపు లేదు. మీ యాప్ బటన్ బటన్ అంటోంది తప్ప ఇంకేమీ చెప్పడం లేదు" అన్నారు. అలాంటి కస్టమరు మాకు ఆయనొక్కరే. ఆయన కోసం యాప్ అంతా మార్చాలంటే మా వల్ల అవుతుందా? మొదలుపెడితే ఎక్కడ మొదలుపెట్టాలి?
— ముగ్గురు మిత్రులు, మధురవాడ

జవాబు: ఆయనొక్కరే అని మీకెలా తెలుసు బాబూ? ఫోన్ చేసింది ఆయనొక్కరు. మిగిలినవాళ్ళు మీ యాప్ రెండు నిమిషాలు విని, తీసి పారేసి, పొద్దున్నే వీధిలోకొచ్చే చేపల గంపావిడనే పిలుచుకుని ఉంటారు. ఆవిడ కనీసం గంపలో ఏముందో పేరు పెట్టి అరుస్తుంది.

మీరు యాప్ పేరు రాశారు కాబట్టి దించుకుని చూశాను. చూశాను అంటే విన్నాను. నా ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంటుంది. వేలు ఎక్కడ పెడితే అక్కడున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది, ఆండ్రాయిడ్ ఫోన్లలో ఊరికే వస్తుంది. ఐఫోన్‌లో అయితే వాయిస్‌ఓవర్. మీ యాప్ తెరవగానే నాకు వినిపించింది ఇదీ: "అన్‌లేబుల్డ్ బటన్. అన్‌లేబుల్డ్ బటన్. ఐఎంజీ అండర్‌స్కోర్ నాలుగు నాలుగు ఏడు ఒకటి. మూడు వందలు. అన్‌లేబుల్డ్ బటన్." మూడు వందలు ఏమిటి? రూపాయలా, గ్రాములా? ఆ నాలుగు నాలుగు ఏడు ఒకటి వంజరమా, చందువా? మీ ముగ్గురికీ కళ్ళున్నాయి కాబట్టి బొమ్మ చూసి తెలుసుకుంటున్నారు. నా ఫోన్‌కి కళ్ళు లేవు. మీరు రాసింది చదవడమే దానికి తెలుసు, రాయనిది కల్పించుకోలేదు.

కాబట్టి మొదలుపెట్టాల్సింది అక్కడే. బటన్‌కి పేరు పెట్టండి. బుట్ట బొమ్మ ఉన్న బటన్‌కి "బుట్టలో వేయి", గుండె బొమ్మ ఉన్నదానికి "ఇష్టమైనవాటిలో దాచు". ఫొటోకి "వంజరం, ముక్కలు కోసింది, అరకిలో". ఆండ్రాయిడ్‌లో దీన్ని కంటెంట్ డిస్క్రిప్షన్ అంటారు. రియాక్ట్ నేటివ్ వాళ్ళు యాక్సెసిబిలిటీ లేబుల్ అంటారు, ఫ్లట్టర్‌లో సెమాంటిక్స్. వెబ్‌సైట్ బొమ్మకైతే ఆల్ట్ టెక్స్ట్. ఏ పేరుతో పిలిచినా మీరు చేయాల్సింది ఒక వాక్యం టైపు చేయడం. మీ యాప్‌లో బటన్లు, బొమ్మలు కలిపి ఎన్నుంటాయి? ఒక పూట పని. దీనికి "యాప్ అంతా మార్చడం" అని పేరు పెట్టి భయపడకండి. ఒక్క జాగ్రత్త: "బుట్ట బటన్" అని రాయకండి. బటన్ అనే మాట టాక్‌బ్యాక్ తనంతట తనే చేరుస్తుంది. మీరు కూడా రాస్తే "బుట్ట బటన్ బటన్" అంటుంది, నత్తివాడిలా.

పేర్లు పెట్టాక మిగిలినవి కొంచెం ఆలోచన కావాల్సినవి. మీ మొదటి పేజీలో పైన ఆఫర్ల బోర్డు తనంతట తనే జరుగుతూ ఉంటుంది. నేను దాని మీద వేలు పెట్టి వింటుంటే మధ్యలో ఇంకోటి వచ్చి కూర్చుంటుంది. రొయ్యల ఆఫర్ సగం విన్నాను, పీతల ఆఫర్ సగం విన్నాను, రెండూ కొనలేదు. అయిదు సెకన్లకి మించి తనంతట కదిలేదేదైనా ఆపే వీలుండాలని సైట్లు, యాప్‌లు అందరికీ పనికొచ్చేలా చేయడానికి ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ అనే ప్రమాణాల్లో ఉంది. ఇప్పుడు నడుస్తున్నది వాటి 2.2 రూపం, 2023 అక్టోబరులో వచ్చింది. మొత్తం చదవక్కర్లేదు, డబుల్ ఏ అనే స్థాయి వరకు చూసుకుంటే మీ చేపల కొట్టుకి చాలు.

తర్వాత, బుట్టలో వేయి అని నొక్కాను. పడిందా లేదా? ఉలుకూ పలుకూ లేదు. మీ తెర మీద మూలన ఎర్ర చుక్కలో 1 అంకె మారి ఉంటుంది. నాకది వినపడేలా చేయడం మీ ప్రోగ్రామరుకి రెండు లైన్ల పని, లైవ్ రీజియన్ అని వెతకమనండి. అది లేక నేను నాలుగుసార్లు నొక్కాను. బుట్టలో రెండు కిలోల వంజరం పడింది. ఇంట్లో ఉండేది మేమిద్దరం.

డెలివరీ వేళల దగ్గర ఆకుపచ్చ అంటే ఖాళీ, ఎరుపు అంటే నిండింది అని పెట్టారట, పక్కింటి అబ్బాయి చెప్పాడు. ఇది నా ఒక్కదాని ఇబ్బంది కాదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని మగవాళ్ళు మీ కస్టమర్లలో తప్పకుండా ఉంటారు, వాళ్ళకే ఆ సంగతి తెలియకపోవచ్చు. పక్కన "ఖాళీ ఉంది", "నిండింది" అని మాట రాయండి, రంగు కూడా ఉంచుకోండి. ఇక ఓటీపీకి 30 సెకన్లు. మెసేజ్ వచ్చింది అని విని, అక్కడికి పోయి, ఆరంకెలూ విని, గుర్తుపెట్టుకుని వెనక్కొచ్చేసరికి గడువు అయిపోయింది. కనీసం అంకెలు కాపీ చేసి అతికించనివ్వండి. గడువు పెంచితే మరీ మంచిది.

మీరే ఒకసారి టాక్‌బ్యాక్ పెట్టుకుని అరకిలో రొయ్యలు కొనడానికి ప్రయత్నించండి. ప్లేస్టోరులో యాక్సెసిబిలిటీ స్కానర్ అని గూగుల్ వాళ్ళదే ఒక ఉచిత యాప్ ఉంది. పేరు లేని బటన్లు, మరీ చిన్న బటన్లు అది పట్టి చూపిస్తుంది. కానీ "బటన్ 1" అని పేరు పెట్టినా అది ఊరుకుంటుంది. మాట అర్థవంతంగా ఉందా లేదా అది మనిషే చెప్పాలి. ఆ ఫోన్ చేసిన ఆయన్నే పిలవండి. పిలిచి, కిలో చేప చేతిలో పెట్టి పంపించకండి. పనికి తగ్గ డబ్బు ఇవ్వండి.

ఇంకో మాట. ఈలోగా ఎవరో ఒకరు వచ్చి, "మా కోడ్ ఒక్క లైన్ అతికించండి, మీ సైట్ అందరికీ పనికొస్తుంది" అని మీ పేజీ మూలన కూర్చునే చక్రాల కుర్చీ బొమ్మ బటన్ ఒకటి అమ్మజూపుతారు. కొనకండి. అలా ఎక్కువ చెప్పుకున్న ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. మూలన ఆ బొమ్మ ఉన్న సైట్లలోకి వెళ్ళి నేను మొదట చేసే పని దాన్ని మూసేయడం.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్ళు. నీటికాసుల వల్ల చూపు దాదాపు పోయింది. మీ వ్యాసం చదివి ఆయన ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేశాను. అంతే, ఫోన్ మొండికేసింది. ఏది నొక్కినా తెరుచుకోదు, పైకి జరగదు, అదేపనిగా మాట్లాడుతుంది. మా అన్నయ్య "ఈ వయసులో ఆయనకెందుకు ఈ తిప్పలు, పిన్ నంబరు మన దగ్గరుందిగా, మనమే చేసిపెడదాం" అంటున్నాడు. ఏం చేయమంటారు?
— గోపాలపట్నం ఆడపడుచు

జవాబు: ముందు ఫోన్ సంగతి చూద్దామమ్మా, అన్నయ్య సంగతి తర్వాత. అది మొండికేయలేదు, నడక మార్చింది. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు ఒకసారి తాకితే ఏముందో చెబుతుంది, తెరవదు. తెరవాలంటే రెండుసార్లు టకటకా తట్టాలి, తెర మీద ఎక్కడ తట్టినా పర్లేదు. ఒక్క వేలితో కుడివైపుకి తుడిస్తే తర్వాతిది చెబుతుంది, ఎడమవైపుకి తుడిస్తే ముందుది. పేజీ జరపాలంటే రెండు వేళ్ళు. మీకు చిరాకేసి ఆపాలనుకుంటే చాలా ఫోన్లలో వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి ఉంచాలి. అదే మళ్ళీ ఆన్ కూడా చేస్తుంది. ఆ దారి సెట్టింగ్స్‌లో పెట్టుకుని ఉండాలి, ముందే చూసుకోండి. మాట గబగబా వస్తుంటే స్పీచ్ రేటు తగ్గించండి, గొంతు తెలుగుకి మార్చండి. మొదట్లో నాకు ఆ తెలుగు వింటే మా హిందీ మాస్టారు తెలుగు పాఠం చెప్పినట్టుండేది. అలవాటైంది. ఇప్పుడు నేను వినే వేగంలో పక్కవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు.

మొదటి వారం ఆయనకి ఒక్క పనే నేర్పండి. తనకి ఇష్టమైన మనిషికి తనే ఫోన్ చేసుకోవడం. చెల్లెలో, పాత స్నేహితుడో. రెండో వారం వాట్సాప్‌లో గొంతుతో మెసేజ్ పంపడం. డబ్బుల యాప్ దగ్గరికి మూడో వారం దాకా పోవద్దు. నేర్పేటప్పుడు ఆయన వేలు పట్టుకుని మీరు లాగకండి, మాటతో చెప్పండి. నాకు నేర్పినవాళ్ళు కూడా వేలు పట్టుకు లాగినవాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ వేలికి ఏమీ గుర్తుండేది కాదు.

కంప్యూటర్ నేర్చుకునే రోజుల్లో నా తిప్పలు ఇంకో రకం. జాస్ అనే స్క్రీన్ రీడర్ కొనే స్తోమత లేక దాని డెమో వాడేదాన్ని. 40 నిమిషాలకి నోరు మూసుకునేది. కంప్యూటర్ ఆపి మళ్ళీ పెడితే ఇంకో 40 నిమిషాలు. ఉత్తరం సగంలో ఉండగా గొంతు పోయేది. తర్వాత ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్ళు, మైకేల్ కరన్, జేమ్స్ టే, ఎన్‌వీడీఏ అని ఒకటి చేసి ఊరికే ఇచ్చేశారు. 2006లో మొదలైన పని అది. వాళ్ళకి దణ్ణం. మీ నాన్నగారికి కంప్యూటర్ కావాలంటే అదే పెట్టండి.

ఇప్పుడు మీ అన్నయ్య మాట. నా మొదటి జీతం ఎంతో నాకంటే ముందు మా వీధిలో నలుగురికి తెలుసు. జీతం చీటీ ఎవరో ఒకరు చదివి చెప్పాలి కదా. చదివినావిడ మంచి మనిషే, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. ఆ సాయంత్రమే ఒకరు అప్పు అడగడానికి వచ్చారు. మా నాన్న చీటీ పాట కట్టిన సంగతి, నేను బంగారం కొనుక్కుందామనుకున్న సంగతి, మా అత్తగారు రాసిన ఉత్తరంలో నన్నేమన్నారో ఆ సంగతి, అన్నీ ముందు వేరొకరి నోట్లోంచే రావాలి. ఇంటి గుట్టు లంకకు చేటు అంటారు గానీ, నా బతుకులో నాకంటూ గుట్టు ఏదీ మిగల్లేదమ్మా. నలభై దాటాక, ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా ఖాతాలో ఎంతుందో నేనొక్కదాన్నే విన్న రోజు, ఆ అంకె మా ఆయనకి కూడా వారం దాకా చెప్పలేదు. చెప్పకూడనిదేం కాదు. చెప్పకుండా ఉండొచ్చు కాబట్టి చెప్పలేదు.

మీరూ మీ అన్నయ్యా మంచివాళ్ళే అయి ఉంటారు. అయినా పిన్ నంబరు ఆయన చేతికి తిరిగి ఇచ్చేయండి. పిన్ కొట్టేటప్పుడు ఇయర్‌ఫోన్ తప్పనిసరి అని చెప్పండి. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంకు వాళ్ళ మణి యాప్ ఉంది, 2020 జనవరి 1న వచ్చింది. కెమెరా ముందు నోటు పెడితే ఎంతదో చెబుతుంది. అసలుదో నకిలీదో మాత్రం చెప్పదు. పూర్ణా మార్కెట్‌లో చిల్లర తీసుకుని ఆయన తనే చూసుకుంటుంటే ఆ బేరగాడి మొహం ఎలా ఉందో నాకు రాయండి.

ప్రశ్న: మాది పార్వతీపురం వైపు. మద్దిలపాలెంలో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. చూపు లేదు. స్నేహితులు పంపే తెలుగు పీడీఎఫ్‌లు కొన్ని ఎన్‌వీడీఏతో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా చదువుతోంది. కొన్ని ఏమీ చదవడం లేదు. లోపం నా కంప్యూటర్‌దా?
— ఒక అభ్యర్థి

జవాబు: నీ కంప్యూటర్ నిక్షేపంగా ఉంది నాయనా. రెండూ రెండు జబ్బులు.

కలగాపులగంగా చదివేది అను ఫాంట్ల లాంటి పాత ఫాంట్లలో కూర్చినది. డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి అవే నడిచాయి. వాటిలో తెర మీద "క" కనపడుతుంది గానీ లోపల దాచి ఉన్నది ఒక ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. కళ్ళున్నవాడు పైకి కనపడేది చదువుకుంటాడు, ఎన్‌వీడీఏ లోపలున్నది చదువుతుంది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లలో ఉమ్మడిగా ఉన్న యూనికోడ్ అనే పద్ధతిలో తెలుగు అక్షరాలకి సొంత చోటు 1991లోనే వచ్చింది. ఇన్నేళ్ళయినా మనవాళ్ళు ఆ చోటుకి పూర్తిగా మారలేదు. ఏ ఫాంటో తెలిస్తే దాన్ని యూనికోడ్‌గా మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. ఒత్తులు ఒకటీ అరా తేడా వస్తాయి, పని నడుస్తుంది.

ఏమీ చదవనిది స్కాన్ చేసిన బొమ్మ. అందులో అక్షరాలే లేవు, అక్షరాల ఫొటో ఉంది. దాన్ని గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే బొమ్మలోంచి అక్షరాలు లాగుతుంది, తెలుగు కూడా. ప, వ, ష ఒకటికొకటి తారుమారవుతాయి. మ, య కూడా. "పన్నులు" అని ఉండాల్సిన చోట "వన్నులు" వినపడితే కంగారుపడకు. ఆర్థిక సర్వేలో పట్టికలు మాత్రం ఈ దారిలో చిందరవందరై పోతాయి. వాటికి ఎవరినైనా కూర్చోబెట్టుకుని ఎక్సెల్‌లో కొట్టించుకోవడమే.

పాఠాలు రాసి పంపే మాస్టార్లకి ఒక విన్నపం: వర్డ్‌లో యూనికోడ్‌తో కొట్టి, శీర్షికని శీర్షిక స్టైల్లోనే పెట్టండి. ఊరికే లావు అక్షరాలు చేస్తే చాలదు. అప్పుడు ఈ అబ్బాయి హెచ్ అనే కీ నొక్కుతూ ఒక అధ్యాయం నుంచి ఇంకో అధ్యాయానికి గెంతగలడు. (మన పత్రిక పీడీఎఫ్ కూడా నాకు చాలాకాలం గుర్తులే వినిపించేది. సంపాదకులకి మూడు ఉత్తరాలు రాశాక మారింది. మూడోది కొంచెం ఘాటుగా రాశాను.)

ప్రశ్న: మా అబ్బాయికి పుట్టుకతోనే వినపడదు. తొమ్మిదో తరగతి. ఆన్‌లైన్ పాఠాల వీడియోలకి కింద అక్షరాలు రావు. వచ్చినా తప్పులతడక. ఏ సేవకైనా ఫిర్యాదు చేయాలంటే "కాల్ చేయండి" అంటారు. అన్నీ మీలాంటి చూపు లేనివాళ్ళ కోసమేనా?
— ఒక తండ్రి, కంచరపాలెం

జవాబు: మీ కోపం న్యాయమే. నాకు తలుపు అయిన గొంతు మీ వాడికి గోడ. ఈ విషయంలో నేను విన్నదీ చూసిందే చెప్పగలను, అనుభవించింది కాదు.

నాకొక బధిర స్నేహితురాలుంది. సాయంత్రాలు ఆర్కే బీచ్‌లో గట్టు మీద కూర్చుంటాం. ఆవిడ ఫోన్‌లో టైపు చేస్తుంది, నా ఫోన్ చదివి వినిపిస్తుంది. నేను మాట్లాడతాను, నా మాట ఆవిడ తెర మీద అక్షరాలవుతుంది. అలల హోరుకి అది ఒక్కోసారి నా మాటని ఏదో చేసి చూపిస్తే ఆవిడ పగలబడి నవ్వుతుంది. నేను నవ్వు విని, ఏం వచ్చిందని అడుగుతాను. మాకు మధ్యలో మూడో మనిషి అక్కర్లేదు. ఆవిడ నాకు నేర్పిన సంగతి ఒకటి చెబుతాను. సైగల భాష అంటే తెలుగుని చేతులతో చెప్పడం కాదు, దాని వ్యాకరణం దానిదే. పుట్టుకతో వినపడని పిల్లలకి చాలామందికి అదే మొదటి భాష, రాసిన తెలుగు రెండోది. కాబట్టి వీడియో కింద అక్షరాలు వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. ఢిల్లీలో 2015లో పెట్టిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఉంది. వాళ్ళ నిఘంటువులో 10,000 మాటలున్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలని సైగల్లోకి మార్చడానికి ఈ కేంద్రమూ, ఎన్‌సీఈఆర్‌టీ సంస్థా 2020 అక్టోబరులో ఒప్పందం చేసుకున్నాయి. ఆ వీడియోలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. ముందు సైన్సు, సోషల్ వెతికి చూడండి.

అక్షరాల సంగతి మాస్టారుతో మాట్లాడండి. యూట్యూబ్ తనంతట వేసే క్యాప్షన్లు పాఠంలో ముఖ్యమైన మాట దగ్గరే తప్పుతాయి. వాటిని సరిచేసే వీలు వీడియో పెట్టినవాళ్ళకి ఉంటుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దని కూడా చెప్పండి, మీవాడు పెదాలు చదువుతుంటే అదే పెద్ద సాయం. ఇక "కాల్ చేయండి" అనేవాళ్ళ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. మధురవాడ మిత్రులారా, మీ యాప్‌లో కూడా డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి తీరుతున్నాడు. "కాల్ వద్దు, మెసేజ్ పెట్టండి" అని ఒక గడి పెట్టండి.

ప్రశ్న: నేను పనిచేసే చోట జరిగిన ప్రమాదంలో మొహం కాలింది. కంటి రెప్పలు పూర్తిగా మూతపడవు. ఖాతా తెరవడానికి వీడియో కేవైసీలో "కళ్ళు ఆర్పండి" అంటుంది. ఆరుసార్లు ఫెయిల్ అంది. బ్రాంచికి వెళితే "సిస్టమ్ ఒప్పుకోవడం లేదు" అన్నారు. ఇంక దారి లేదా?
— గాజువాక పాఠకుడు

జవాబు: ఉంది, దానికి సుప్రీంకోర్టు తీర్పే ఉంది. ప్రజ్ఞా ప్రసూన్ అనే ఆమె మీద యాసిడ్ దాడి జరిగింది. 2023లో ఆమె బ్యాంకు ఖాతా కోసం వెళితే మీకన్నట్టే కళ్ళు ఆర్పమన్నారు. ఆమె వేసిన కేసునీ, అమర్ జైన్ అనే చూపు లేని లాయరు వేసిన కేసునీ కలిపి జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ 2025 ఏప్రిల్ 30న తీర్పిచ్చారు. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమన్నారు. 20 ఆదేశాలిచ్చారు. ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనని తేల్చుకోవడానికి కన్ను ఆర్పడం ఒక్కటే దారి కాకూడదన్నది అందులో ఒకటి. యాప్‌లు బయటికి వదిలే ముందు చూపు లేనివాళ్ళ చేత పరీక్ష చేయించాలన్నది ఇంకోటి. (నా పొట్టకూటికి కోర్టు వారి సాయం అన్నమాట.)

మీరు చేయాల్సింది ఇది. బ్రాంచి మేనేజరుకి కాగితం మీద రాసి ఇవ్వండి. నోటి మాట వద్దు. తీర్పు తేదీ, పిటిషనరు పేరు రాయండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పేరు రాయండి. ప్రభుత్వమైనా ప్రైవేటైనా సేవలందించే ప్రతివాళ్ళకీ అది వర్తిస్తుంది. యాసిడ్ దాడి బాధితులని కూడా కలిపి 21 రకాల వైకల్యాలు అందులో ఉన్నాయి. ప్రమాదంలో కాలినవాళ్ళ సర్టిఫికెట్ ఏ రకం కింద వస్తుందో డాక్టరు చూసి తేలుస్తారు, అది లేకపోతే ముందు దానికి అప్లై చేయండి. ఆరుసార్లు ఫెయిలయిన తేదీలు, స్క్రీన్‌షాట్లు జతచేయండి. కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకి ఇంకో కాపీ. నేను 29 ఏళ్ళు బ్యాంకులో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. "సిస్టమ్ ఒప్పుకోదు" అన్న నోరే, స్టాంపు వేసిన కాగితం చూడగానే "కూర్చోండి సార్" అంటుంది.

ప్రశ్న: నలుగురి కోసం నలభై వేలమంది వాడే యాప్‌ని అందవికారంగా చేయమంటారా? డిజైన్ అనేది ఒకటుంటుంది కదా?
— డిజైనర్, విశాఖ

జవాబు: ఉంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆర్కే బీచ్‌లో నిలబడి మీ యాప్ తెరవండి. తెలుపు మీద ఆ లేత బూడిద రంగు అక్షరాలు మీకు కనపడితే నాకు ఉత్తరం రాయండి. అక్షరానికీ వెనకనున్న రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని ప్రమాణం. తెలుపు మీద నలుపు 21కి 1. మధ్యలో ఎంత చోటుందో చూడండి, అందంగా చేయడానికి అది చాలదా? ఇంకోటి, ఫోన్‌లో అక్షరం సైజు పెంచి చూడండి. మీవి ఇంగ్లిష్ కొలతలతో గీసిన పెట్టెలు, తెలుగు అక్షరం కింద ఒత్తు వేలాడుతుంది, పైన గుడి ఉంటుంది. సైజు పెంచగానే ఒత్తు కోసుకుపోయి "అమ్మ" కాస్తా "అమ" అవుతుంది. నలభై ఏళ్ళు దాటి చత్వారం వచ్చిన ప్రతివాళ్ళూ సైజు పెంచేవాళ్ళే. మీ వయసెంతో రాయలేదు.

ప్రశ్న: మా అత్తగారికి చూపు తగ్గింది. కొత్త ఇండక్షన్ స్టవ్ మీద బటన్లు లేవు, నున్నటి అద్దం. తడిమితేనే ఏదో ఒకటి మారిపోతోంది. వంట మాన్పించాలంటే ఆవిడ ఒప్పుకోరు.
— ఎంవీపీ కాలనీ కోడలు

జవాబు: ఒప్పుకోకూడదు కూడా. ఆ అద్దం మీద వేలు ఆనితే చాలు, నొక్కినట్టే లెక్క. తడిమి చూసుకునే వీల్లేని స్టవ్ చేసినవాడు ఒక్కరోజు కూడా దాని మీద పాలు కాచి ఉండడు. ఈసారి కొనేటప్పుడు తిప్పే గుబ్బ ఉన్నది అడిగి కొనండి. ఇప్పటికి ఉన్నదానికి మందు మీ అద్దం ముందే ఉంది, రాళ్ళ బొట్టుబిళ్ళలు. మీట మీద అంటించకండి, మీటకి సరిగ్గా కింద, వేలెడు దూరంలో అంటించండి. ఆన్ కింద ఒక రాయి, వేడి పెంచేదాని కింద రెండు, తగ్గించేదాని కింద పొడుగు బొట్టు. ఆవిడ వేలు ముందు బొట్టు మీద ఆగి, అక్కడి నుంచి పైకి ఒక్కసారి తాకాలి. స్టవ్ పూర్తిగా చల్లారాకే అంటించండి, వారానికోసారి ఊడిందేమో చూడండి. వాషింగ్ మెషీన్‌కీ ఇదే వైద్యం.

మా ఇంట్లో స్టవ్‌కి మూడు బొట్లు, వాషింగ్ మెషీన్‌కి రెండు, మైక్రోవేవ్‌కి ఒకటి. కొత్తగా చేరిన పనమ్మాయి వంటింట్లోకి వచ్చి, అన్నిటికీ బొట్లు చూసి, "ఇయ్యాల ఆయుధపూజా అమ్మా?" అంది.